ఏసుబాబు ఎంచిన టైర్లు

కమలాపురం,
2 జులై 2025, బుధవారం

తమ్ముడు బాలస్వామికి,

అక్క విశ్వాసమ్మ వందనాలు. మరదలు ప్రసన్నకుమారికీ, నా కోడలు మహిమకూ దేవుని కాపుదల ఉండాలని రోజూ అడుగుతున్నాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితమేంటని నవ్వుతావు. నవ్వుకో. మా ఇల్లు నీకు తెలియనిదా, ఉన్నది ఒకటే గది. ఏసుబాబు మంచం పెరటి వాకిలికి ఎదురుగా వేశాం. పెరట్లోకి పోయి గుసగుసలాడినా వాడికి వినిపిస్తుంది. కాళ్ళు పని చేయడం లేదు గానీ నా కొడుక్కి చెవులు మాత్రం ముందుకంటే బాగా పని చేస్తున్నాయి. అందుకే స్త్రీల కూడిక అయ్యాక గుడి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. జవాబు ఇంటికి వేయొద్దు, మా కూడిక పెద్ద రత్నమణి పేరుకు వేయి. ఆమె నోటికి మూత లేకపోయినా ఒకరి ఉత్తరం విప్పే మనిషి మాత్రం కాదు.

పోయిన వానల్లో వాడు కడప రోడ్డు మలుపులో పడ్డప్పటి నుంచి ఆ స్పోర్ట్స్ బండి పెరట్లో పట్ట కప్పుకుని ఉంది కదా. ఎవరమూ దాని పేరు ఎత్తలేదు. ఈ మధ్య వాడు తిండి మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పిలిస్తే పలకడు. మీ బావ సంగటి ముద్ద చేతిలో పట్టుకుని పక్కనే కూర్చుని, అది చల్లారాక తీసుకొచ్చి నాకిచ్చేవాడు. ఆ మనిషి మొహం చూడలేక నేను పొయ్యి వైపు తిరిగేదాన్ని.

శుక్రవారం పెద్ద గాలి వచ్చి పట్ట ఎగిరిపోయింది. వాడు మంచం మీద నుంచి బండిని చాలాసేపు చూశాడు. "అమ్మా, టైర్లు పగిలిపోయినాయి సూడు. ఎండకు గట్టిపడినాయి. మార్చాల" అన్నాడు. తర్వాత అన్నం అడిగాడు. అడిగాడు, తమ్ముడూ! బుడ్డల ఊరిబిండి పచ్చడి వేసుకుని తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు. అప్పటి నుంచీ టైర్ల మాటే.

నువ్వు ఉండేది టైర్ల మధ్యన. మంచివి చూసి పంపు. ఇంకేమీ అడగను.

నీ అక్క,
విశ్వాసమ్మ


డోన్,
11 జులై 2025

అక్కకు,

బాలస్వామి వందనాలు. నీ ఉత్తరం ట్రాన్స్‌పోర్ట్ షెడ్డుకే వచ్చింది. మా డ్రైవర్లు "ఏమప్పా, లవ్ లెటరా?" అని ఒకటే ఆట పట్టించారు. మా అక్కది అంటే నమ్మలేదు.

వాడు అన్నం తిన్నాడన్న చోట ఆగి మళ్ళీ చదువుకున్నాను. కానీ టైర్ల మాట వేరే. నేను చూసేవి లారీ టైర్లక్కా. అరిగాయా, పక్కలు ఉబ్బాయా, పైన కొత్త రబ్బరు ఎక్కించి రీబటన్ చేయించాలా అని చెప్పగలను. ఈ స్పోర్ట్స్ బండ్ల రబ్బరు వేరే. అయినా అడిగి తెలుసుకోలేనిది కాదు. నా భయం అది కాదు.

కర్నూలు డాక్టరు నాకొక్కడికే చెప్పలేదు, నీ ముందరే చెప్పాడు. వెన్నులో నరం తెగింది, అది అతుక్కోదు అన్నాడు. నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయావు. ఇప్పుడు కొత్త టైర్లు వేస్తే వాడేమనుకుంటాడు? అమ్మా నాన్నా మామా అందరూ నేను లేచి నడుపుతానని నమ్ముతున్నారు అనుకుంటాడు. రేపు ఎక్కించమంటే ఎవరు ఎక్కిస్తారు? బండి అమ్మేద్దాం. కళ్ళ ముందు లేకపోతే కొన్నాళ్ళకు మరుస్తాడు.

అమ్మేదాకా ఒక పని చెయ్. బండిని ఒకే చోట నిలబెట్టొద్దు. బరువంతా టైరులో ఒకే జాగా మీద పడి అక్కడ చదునవుతుంది. అప్పుడప్పుడు మూరెడు ముందుకో వెనక్కో జరుపు. టైరు తిరగకపోయినా పాడవుతుంది, అది చాలామందికి తెలియదు.

ఈడ వానల్లేవు. ఆలూరు వైపు పత్తి ఎండిపోతోందని లోడు తెచ్చినవాళ్ళు చెబుతున్నారు. మహిమ బాగుంది.

బాలస్వామి


కమలాపురం,
23 జులై 2025, బుధవారం

బాలస్వామికి,

ఈసారి వందనాలు మరదలికీ మహిమకూ మాత్రమే. నీకు లేవు.

డాక్టరు చెప్పింది నాకు గుర్తు చేయాలా? నేను మర్చిపోయిన రోజు ఒకటి చెప్పు చూద్దాం. పుండ్లు పడకుండా వాణ్ణి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేది నేను. నువ్వు బండిని జరపమని రాశావు. నేను చదివి నవ్వాను. జరుపుతాలే. ఇంట్లో తిప్పే పని నాకు అలవాటే.

ఇక అమ్మడం సంగతి. అది కుదరదు. పోయిన ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. ముందుగా అనుకోలేదు, కాళ్ళే లేపాయి. "నా కొడుకును దేవుడు లేపుతాడు. లేపకముందే నమ్మి కృతజ్ఞత కూడిక పెడతాను. సెప్టెంబరు కడాకరి ఆదివారం వాడి బండి కొత్త టైర్లతో గుడి ముందర నిలబడతాది" అన్నాను. సంఘమంతా ఆమెన్ అంది. అయ్యగారు అక్కడికక్కడే ప్రార్థన చేశారు. సంఘం ముందు నోటితో ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకునే ఆచారం మన ఇంట్లో లేదు. మన నాయన అట్ల అన్న మాట కోసమే కదా బావి చేనును గుడికి రాసిచ్చాడు.

టైరు పక్కన నెంబర్లున్నాయి. రత్నమణి కళ్ళద్దాలు అడిగి తెచ్చి చదివాను. ముందర 110/70-17. వెనక 140/70-17. అయ్యగారు వాక్యం ఎత్తేటప్పుడు అధ్యాయం, వచనం చెప్పినట్టే ఉంది. ఏ వాక్యమో అని నేను వెతికాను కూడా, అన్ని వచనాలు అక్కడ లేవు. ఏసుబాబుకు చెబితే నవ్వాడు. పళ్ళు కనిపించేలా నవ్వాడు. ఎన్నాళ్ళయిందో.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మహిమ పుట్టిన రోజు నువ్వే దాన్ని నా ఒళ్ళో పెట్టి "నీ కోడలక్కా" అన్నావు. ఇప్పుడు టైర్లు వద్దు, బండి అమ్ము అంటున్నావు. అంటే పిల్లను ఇవ్వనని నాకు చెప్పే దారి ఇదేనా? అదే అయితే టైర్ల చాటున దాక్కోవద్దు.

విశ్వాసమ్మ


డోన్,
5 ఆగస్టు 2025

అక్కకు,

నీ ఉత్తరం చదివిన రోజు షెడ్డులో ఒక జాకీ కాలి మీద పడేసుకున్నాను. పెద్ద దెబ్బేమీ కాదు. నువ్వు తిట్టినందుకు కాదు, నేను పరాకుగా ఉన్నందుకు.

మహిమ గురించి నువ్వు అడిగినదానికి ఏం రాయాలో తెలియక ఈ కాగితం రెండుసార్లు చించాను. దాన్ని నీ ఒళ్ళో పెట్టింది నేనే. కాదని ఎప్పుడూ అనను. అంతకంటే ఇప్పుడు నన్ను అడగొద్దు. ఎదురుగా ఉంటే నా మొహం చూసి నువ్వే అర్థం చేసుకునేదానివి. కాగితం మీద నాకు చేతకావడం లేదు.

టైర్లు పంపుతాను. గుడిలో అన్నాక ఇంకేం చేస్తాం. కర్నూలులో స్పోర్ట్స్ బండ్లు చూసే అతన్ని అడిగి వచ్చాను. ఏసుబాబును అడిగి నాకు జవాబు రాయి. ఒకటి, మెత్త రబ్బరు కావాలా, గట్టి రబ్బరా. మెత్తది మలుపులో రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, బండిని నేలకు వాల్చి తిప్పేవాళ్ళు అదే అడుగుతారు. కానీ మన కడప ఎండలకు, మన రోడ్లకు తొందరగా అరిగిపోతుంది. గట్టిది అంత పట్టదు, చాలా కాలం వస్తుంది. రెండు, వెనక టైరు ఉన్న సైజే కావాలా, ఇంకా వెడల్పా. కుర్రాళ్ళందరూ వెడల్పు అడుగుతారట, చూడ్డానికి బలంగా ఉంటుందని. రిమ్ముకు మించి వెడల్పు వేస్తే మలుపులో బండి మాట వినదు అన్నాడతను.

వాడు మెత్తదే అంటాడు, వెడల్పే అంటాడు. ఆ బండి కొన్న రోజు నన్ను వెనక కూర్చోబెట్టుకుని డోన్ గేటు దగ్గర తిప్పిన తిప్పుడుకు నేను ప్రార్థనలు ఎన్ని చేశానో నాకే తెలుసు. అయినా అడుగు. అడిగే వంకతో ఇంకో పూట తింటాడు.

బాలస్వామి


కమలాపురం,
20 ఆగస్టు 2025, బుధవారం

తమ్ముడు బాలస్వామికి,

ఈసారి నీకు కూడా వందనాలు. పెద్ద వందనాలే. కాలికి పసుపు పెట్టావా? ప్రసన్నకుమారి పెట్టదు, నాకు తెలుసు, నువ్వే పెట్టుకో.

నీ ప్రశ్నలు వాడికి నోటితో చెప్పాను, నాకే తట్టినట్టు. వాడు నా వైపు అదో రకంగా చూశాడు. "రబ్బరు సంగతి నీకు యాడ తెలిసింది మా?" అన్నాడు. కూడికలో ఎవరో అన్నారని బొంకాను. గుడి పేరు చెప్పి బొంకినందుకు తర్వాత ప్రార్థనలో ఒప్పుకున్నాను, ఆ పాపంలో సగం నీ ఖాతాకే.

రెండు రోజులు ఆలోచించాడు. ఫోనులో టైర్ల బొమ్మలు చూశాడు. ఇదిగో, వాడు చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. "మెత్తది వద్దు. నడుమ గట్టిగా ఉండాల, శానా కాలం రావాల. గాళ్ళు లోతుగా ఉండాల, వానలో నీళ్ళు పక్కకు తోసెయ్యాల. వెడల్పు వద్దు, కంపెనీ సైజే. ఇద్దరు కూచున్నా బరువు ఆపాల. ఎనక కూచున్న మనిషికి భయం కాకూడదు."

విన్నావా? వెనక కూర్చున్న మనిషి! ఎవరనుకుంటున్నావు? నీ ముందర చెప్పడానికి సిగ్గుపడి నా ముందర చెప్పాడు. నా బిడ్డ పెళ్ళి గురించి ఆలోచిస్తున్నాడు తమ్ముడూ. పడి లేచినవాడికి బుద్ధి వచ్చింది, భార్యను కూర్చోబెట్టుకుని మెల్లగా పోవాలనుకుంటున్నాడు. ఇంతకంటే విశ్వాసం ఏముంటుంది? మహిమతో చెప్పు. ఆ పిల్ల సంతోషిస్తుంది.

ఇప్పుడు పూటకు మూడు ముద్దలు తింటున్నాడు. మీ బావ తోట నుంచి చీనీ కాయలు తెస్తే వలిచి తొనలు వాడే నా నోట్లో పెట్టాడు.

మీరందరూ కూడికకు రావాలి. మహిమకు ఆ పచ్చ పట్టు లంగా ఓణీ వేసి తీసుకురా.

విశ్వాసమ్మ


డోన్,
8 సెప్టెంబర్ 2025

అక్కకు,

టైర్లు కడప బస్సులో పార్సిల్ వేశాను. వాడు చెప్పిన రకమే, ఈ సంవత్సరం తయారైనవే, తారీకు చూసే తీసుకున్నాను. రెండిటి పక్కనా బాణం గుర్తు ఉంటుంది. చక్రం ముందుకు తిరిగే వైపుకు ఆ బాణం ఉండాలి. లారీ టైర్లు విప్పే గడ్డపారలతో ఎవరినీ చేయనివ్వొద్దు, రిమ్ము పక్కలు గీసుకుపోతాయి, గాలి నిలవదు. చక్రాలు విప్పి కడపలో మిషను ఉన్న షాపుకు పంపు. గాలి కొట్టే వాల్వు కూడా కొత్తది వేయమను.

ఒక సంగతి నా మనసులోంచి పోవడం లేదు. వాడు కోరినవి వాడి టైర్లు కావు. ఏసుబాబు నడిపే తీరు నాకు తెలుసు. ఇవి భయపడుతూ నడిపేవాడి టైర్లు. లేకపోతే ఇంకొకరి కోసం భయపడేవాడివి. షాపులో చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను, ఎందుకో కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. బహుశా నువ్వు చెప్పినట్టు బుద్ధి వచ్చిందేమో.

కూడికకు నేను రాలేనక్కా. ఉల్లిగడ్డ లోడ్ల కాలం, షెడ్డు వదలడానికి లేదు. మహిమకు కూడా కుదరదు. తిట్టుకోకు. తిట్టుకున్నా సరే, కోపం మాత్రం వాడి ముందర చూపించకు.

బాలస్వామి


కమలాపురం,
1 అక్టోబర్ 2025, బుధవారం

బాలస్వామికి,

కూడిక అయిపోయింది. అయిపోయి మూడు రోజులయినా నా చేయి ఇప్పటికి కాగితం మీదికి వచ్చింది.

రత్నమణి పెనిమిటి చక్రాలను ఆటోలో కడపకు తీసుకుపోయి టైర్లు వేయించుకొచ్చాడు. పెరట్లో బండికి బిగిస్తుంటే ఏసుబాబు మంచం మీద నుంచే అరిచాడు. "అన్నా, ముందర బాణం ఎనక్కి ఉండాది!" నిజమే, షాపువాళ్ళు తిప్పి వేశారు. మళ్ళీ పంపించి సరిచేయించే దాకా ఒప్పుకోలేదు. నేను మురిసిపోయాను. ఇంత పట్టింపు ఉన్నవాడు లేవకుండా ఉంటాడా అనుకున్నాను. నా అంత తెలివి తక్కువ మనిషి ఈ మండలంలో లేదు.

ఆదివారం వాణ్ణి చక్రాల కుర్చీలో గుడికి తీసుకుపోయాం. బండిని ముందర నిలబెట్టి పూలదండ వేశారు. పాటలయ్యాయి. నేను లేవబోతుంటే వాడు చెయ్యి ఎత్తి "అయ్యగారూ, నేను సాక్ష్యం చెప్తాను" అన్నాడు. అందరూ సంతోషంతో చప్పట్లు కొట్టారు. వాడు ఏమన్నాడో చెబుతాను, ఒక్క మాట కూడా మర్చిపోలేదు.

"దేవుడు నన్ను ప్రాణాలతో ఉంచినాడు. దానికి వందనాలు. నా కాళ్ళు రావు. డాక్టరు నాకూ చెప్పినాడు, నేను మా అమ్మ ముందర తెలియనట్టే ఉండాను. ఈ బండి మా బాలస్వామి మామకు ఇస్తాండా. మహిమకు నంద్యాల నుంచి సంబంధం వచ్చుండాది. మంచి పిల్లోడంట, గోపీనాథ్ అంట. మా అమ్మకు చెప్పల్యాక మామ నలిగిపోతాండాడు. మహిమను ఎవరు చేసుకుంటే ఈ బండి వాళ్ళకు. వాన్లో జారని టైర్లు ఏపించినా. కొత్త టైరు మీద పూత ఉంటాది, మొదట్లో జారుతాది. పైన రబ్బరు ఎంట్రుకలు ఉంటాయి సూడు, అవి అరిగిపొయ్యేదాకా మెల్లగా పోమని చెప్పండి. మహిమ ఎనక కూచోనుంటాది."

ఆమెన్ అనాలో వద్దో సంఘానికి తెలియలేదు. అయ్యగారు తల దించుకున్నారు. నేను వాడి దగ్గరికి పోయి నోరు మూయబోయాను. నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు, "సంఘం ముందర అన్న మాట ఎనక్కి తీసుకోకూడదని నువ్వే కదమ్మా నేర్పించినావు. ఇంట్లో చెప్పింటే నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

నా మాటకు వాడి మాట అడ్డం వేశాడు. రెండూ దేవుని ఎదుటే ఉన్నాయి. ఏది నిలబెట్టుకోవాలో నాకు చెప్పేవాళ్ళు లేరు.

నువ్వు నాకెందుకు చెప్పలేదు? వాడికెట్ల తెలిసింది? వాడి చెవిన పడకూడదని గుడి అరుగు మీద దొంగలాగా రాసుకున్నామే మనం!

విశ్వాసమ్మ


డోన్,
13 అక్టోబర్ 2025

అక్కా,

సంబంధం జులైలోనే వచ్చింది. నేను ఔననలేదు, కాదనలేదు. నీకు రాయాలని కూర్చున్నప్పుడల్లా వాడు అన్నం తింటున్నాడన్న నీ మాటే గుర్తొచ్చేది. కలం పక్కన పెట్టేవాణ్ణి.

వాడికి చెప్పింది మహిమే. నీ ఉత్తరం చూపించి అడిగాను. వాడు పడ్డప్పటి నుంచీ రోజూ సాయంత్రం ఫోనులో మాట్లాడుకుంటున్నారట. వాడి మంచం దగ్గర ఫోను ఉంటుందని మనకు తెలియదా? తెలుసు. సాయంత్రం నువ్వు నీళ్ళకు పోతావు, మీ బావ తోటలో ఉంటాడు. మనం వాళ్ళ దగ్గర దాచాం, వాళ్ళు మన దగ్గర దాచారు. ఈ సంబంధం ఒప్పుకోమని రోజూ పోరుతున్నది కూడా వాడేనట. ఏ టైర్లు ఎంచాడో ఆ పిల్లకు ముందే తెలుసు. ఎందుకో మాత్రం దానికీ చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివే తెలుసుకుంది.

చదివి ఏడవలేదు. వాళ్ళ అమ్మ నంద్యాలకు ఏం చెప్పమంటావే అని అరిచింది. నేను బండి తెచ్చే సంగతి ఏం చేయాలి అని మాత్రం అడిగాను. "బండి ఆడే ఉండనీ నాయనా" అంది. అంతే. ఆ మాటకు అర్థం అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నంద్యాలవాళ్ళకు ఔనంటే నీ మొహం ఎట్ల చూడను? కాదంటే ఇరవై రెండేళ్ళ పిల్ల బతుకు పాడుచేసినవాణ్ణవుతాను, దాని మొహం చూడలేను. తండ్రినై ఉండి, మేనమామనై ఉండి, రెండిట్లో దేనికీ పనికిరాకుండా ఉన్నాను. నాకేదన్నా చెప్పక్కా. నువ్వు పెద్దదానివి.

నీ తమ్ముడు


కమలాపురం,
29 అక్టోబర్ 2025, బుధవారం

తమ్ముడు బాలస్వామికి,

అక్క వందనాలు. చెప్పమన్నావు. నాకేమన్నా తెలిస్తే కదా చెప్పడానికి. ఇన్నాళ్ళూ నువ్వు దాస్తున్నావని కోపంగా ఉండేది. అదే నయం. ఇప్పుడు కోప్పడటానికి కూడా ఎవరూ లేరు.

మహిమ అన్న మాట ఏసుబాబుకు చెప్పాను. "దాన్ని పిచ్చి పనులు చేయొద్దని చెప్పుమా" అన్నాడు. సాయంత్రం ఫోను మోగింది. నేను ఇంట్లోనే ఉన్నాను. వాడు తీయలేదు. మోగినంతసేపూ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉన్నాడు. నేను బిందె తీసుకుని బయటికి పోయాను, నీళ్ళున్నా సరే. ఇంటి అరుగు దాకా పోయి చెవి పెట్టి నిలబడ్డాను. మాట వినిపించలేదు.

ఇక్కడ మూడు రోజులుగా ముసురు. పట్ట మీద నీళ్ళు నిలుస్తున్నాయి. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పోయారు, ఏ మాట నిలబెట్టమని దేవుణ్ణి అడిగారో నేను కళ్ళు తెరిచి విన్నా తెలియలేదు. వాడు తింటున్నాడు. నా కోసం తింటున్నాడని ఇప్పుడు తెలుసు, అందుకని పెట్టేసి పొయ్యి వైపు తిరుగుతున్నాను.

పొద్దున వాణ్ణి కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు తుడిచి, పెరట్లోకి పోయి నువ్వు చెప్పినట్టు బండిని మూరెడు ముందుకు జరిపాను. వంగి టైర్ల మీద చెయ్యి పెట్టి చూశాను. ఆ రబ్బరు వెంట్రుకలు ఒక్కటి కూడా అరగలేదు.

అక్క